అరవై డిగ్రీలు

ఆమెను ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ బొంగరం అనే పిలిచేవారు. నడక వచ్చిన నాటి నుంచీ కుదురుగా ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా అంతే. టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూడా వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూ తాగేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం మాత్రం ఒకచోట నిలబడి చేసేది. క్రేను పని చేసేటప్పుడు నేల మీద నిలబడి, పైన సీట్లో కూర్చున్న డ్రైవరుకు చేతులతో సైగలివ్వడం ఆమె పని. ఆ డ్రైవరు ఎవరో కాదు, సొంత అన్నయ్యే.

అన్నయ్య ఇరవై రెండేళ్ళుగా క్రేను నడుపుతున్నాడు. క్రేన్లు అద్దెకిచ్చే యార్డులో అతని కన్నంటే అందరికీ గురి. ఎంత ఇరుకు సందులోనైనా, ఎంత ఎత్తు గోడ అవతలైనా, కొక్కేన్ని చెప్పిన చోట జానెడు అటూ ఇటూ కాకుండా దించేవాడు. తన కంటికి టేపుతో పనిలేదనేవాడు. గొప్పలు పోతున్నాడని ఎవరూ అనుకునేవారు కాదు, ఎందుకంటే అది నిజమే.

బొంగరానికి కూడా పైకెక్కి ఆ సీట్లో కూర్చోవాలని ఉండేది. డ్రైవరు లైసెన్సుకు రెండుసార్లు పరీక్ష రాసింది. రెండుసార్లూ ఒక్క పేజీ దగ్గరే తప్పింది. లంబకోణ త్రిభుజాల లెక్కలున్న పేజీ అది. సైన్, కాస్, టాన్ అనే మూడు మాటలు కనిపించగానే ఆమెకు అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టయ్యేది. కుర్చీలో నుంచి లేవకుండా ఉండటానికే బలమంతా ఖర్చయిపోయేది, ఇక లెక్క ఎక్కడ చేస్తుంది?

మూడోసారి పరీక్షకు ఆరు వారాలుందనగా వదిన కలగజేసుకుంది. వదిన రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కటింగు మాస్టరు. చదువు పదో తరగతితో ఆగిపోయినా, లెక్కల్లో బడికంతా మొదట వచ్చిన మనిషి. మరదల్ని కూర్చోబెట్టి చెబితే ఎక్కదని ఆమెకు తెలుసు. అందుకని పనులు చేసుకుంటూనే, బొంగరం తన వెంట తిరుగుతుండగా చెప్పింది.

ముందు గోడకు నిచ్చెన ఆనించింది. నిచ్చెన కర్ణం, అంటే మూడింటిలో పొడుగైన భుజం. గోడ, నిచ్చెన కాలి దగ్గరి కోణానికి ఎదుటి భుజం. గోడకూ నిచ్చెన కాలికీ మధ్య ఉన్న నేల, కోణాన్ని ఆనుకున్న భుజం. నిచ్చెన నీ క్రేను చెయ్యి అనుకో, అంది. దాని పొడవు మారదు. పైకి లేపితే కొక్కెం దగ్గరికొస్తుంది, కిందికి వాల్చితే దూరం పోతుంది. ఎంత దూరం పోతుందో చెప్పేదే కాస్. నేల మీది దూరాన్ని చెయ్యి పొడవుతో భాగిస్తే వచ్చేది అదే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదంది.

అరవైకి కాస్ సగమే ఎందుకవుతుందో మాత్రం బొంగరానికి అంతుపట్టలేదు. వదిన మూడు వైపులూ సమానంగా ఉండేలా ఒక గుడ్డముక్క కత్తిరించింది. అలాంటి ముక్కలో మూడు మూలలూ అరవయ్యే. దాన్ని నిలువుగా సరిగ్గా మధ్యకు మడిచింది. వాలుగా ఉన్న అంచు ఎంతుందో అంతే ఉంది. అడుగు అంచు సగమైంది.

"చూశావా? వాలు అంతే ఉంది, అడుగు సగమైంది. అరవై అంటే సగం. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్పాలి."

బొంగరం ఆ గుడ్డముక్కను జేబులో వేసుకుని వారం రోజులు తిరిగింది. తీరిక దొరికితే చాలు, మడిచేది, విప్పేది. తర్వాత తన అడుగు ముప్పావు మీటరని కొలుచుకుంది. ఇక ఏది కనిపించినా అడుగులతో కొలవడమే. కరెంటు స్తంభం నుంచి గేటు దాకా, గేటు నుంచి బస్టాపు దాకా. దారిలో పెదాలు కదుపుతూ నడుస్తుంటే జనం వింతగా చూసేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఆసుపత్రికి పెద్ద జనరేటరు దించే పని వచ్చింది. జనరేటరు బరువు, కొక్కెం, గొలుసులూ కలిపి అయిదు టన్నులు. ఆసుపత్రి గేటు ఇరుకు కావడంతో క్రేను లోపలికి పోలేదు. రోడ్డు మీదే దాని ఇనుప కాళ్ళు చాపి నిలిపి, ప్రహరీగోడ మీదుగా అవతలున్న సిమెంటు దిమ్మె మీదికి దించాలి. గోడకూ దిమ్మెకూ మధ్య రోగుల బంధువులు కూర్చునే రేకుల షెడ్డు ఉంది. షెడ్డు ఖాళీ చేయమని చెప్పారు. సగం మంది లేచారు. మిగిలినవాళ్ళు వరసలో తమ వంతు పోతుందని కదల్లేదు.

బరువు తగిలించే ముందు ఖాళీ కొక్కేన్ని ఒకసారి దిమ్మె మీదికి తీసుకెళ్ళి చూడటం పద్ధతి. అన్నయ్య అలాగే తెచ్చి నిలిపాడు. కొక్కెం దిమ్మె నడిమధ్యలో, సూత్రం పట్టినట్టు ఆగింది. బొంగరం వాకీటాకీలో కోణం ఎంతని అడిగింది. అరవై అన్నాడు.

క్రేను చెయ్యి పొడవు ఆ రోజు ముప్పై మీటర్లు. అరవై అంటే సగం, సగమంటే పదిహేను. పదిహేను మీటర్ల దూరంలో ఆ క్రేను ఆరు టన్నులు ఎత్తగలదని, ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చూపే చార్టులో ఉంది. అయిదు టన్నులకు ఏ ఢోకా లేదు. బొంగరం చెయ్యెత్తి సైగ ఇవ్వబోయింది. కానీ కాళ్ళు ఊరుకోలేదు. పదిహేను మీటర్లంటే ఇరవై అడుగులు రావాలి కదా, వస్తాయో లేదో చూద్దామని క్రేను చెయ్యి మొదలు నుంచి నడవడం మొదలుపెట్టింది. గోడ దగ్గరికి వచ్చేసరికి పధ్నాలుగు. పక్కగేటు గుండా లోపలికి వెళ్ళి, గోడకు అవతలి వైపు అదే చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేను, పదహారు, పదిహేడు. ఇరవై దగ్గర ఆగి తలెత్తి చూసింది. కొక్కెం నెత్తి మీద లేదు. ముందుకెక్కడో వేలాడుతోంది.

ఇరవై ఏడో అడుగుకు దాని కిందికి చేరింది.

లెక్క తప్పి ఉంటుందనుకుని వెనక్కి పోయి మళ్ళీ నడిచింది. మళ్ళీ ఇరవై ఏడే. అంటే ఇరవై మీటర్లు. ఇరవైని ముప్పైతో భాగిస్తే మూడింట రెండు వంతులు, సగం కానే కాదు. అరవై కాదు, యాభైకి కూడా తక్కువే. జేబులోంచి చార్టు తీసి చూసింది. ఇరవై మీటర్ల దూరంలో మూడుముప్పావు టన్నులు. అంతకు మించి ఎత్తితే క్రేను ముందుకు వంగుతుంది.

"అన్నయ్యా, కోణం ఇంకోసారి చూడు."

"అరవై అని చెప్పాను కదా. లోడు తగిలించు."

ఆమె తగిలించలేదు. రెండు చేతులూ బార్లా చాచి ఆపమని సైగ ఇచ్చింది. ఆ సైగ ఎవరిచ్చినా, దారిన పోయేవాళ్ళిచ్చినా సరే, డ్రైవరు ఆపాల్సిందే. ఆ పనిలో మొట్టమొదటి నియమం అది. అన్నయ్య ఇంజను ఆపాడు.

సైటు ఇంజినీరు పరుగున వచ్చాడు. పొద్దుటి నుంచి ఆసుపత్రివాళ్ళ ఫోన్లు ఎత్తలేక అతని ప్రాణం విసిగిపోయి ఉంది. సంగతి చెబితే, ఎవరు కొలిచారని అడిగాడు. అడుగులతో తానే కొలిచానంది. అతనికి నవ్వొచ్చింది. అన్నయ్య క్యాబిన్ తలుపు తీసి పైనుంచే అన్నాడు.

"దాని మాట పట్టించుకోకండి సార్. అసలే కుదురులేని మనిషి. పరీక్ష దగ్గరకొచ్చి బుర్ర వేడెక్కింది."

పదిమందిలో అన్న మాట అది. బొంగరానికి తల కొట్టేసినట్టయింది. అయినా చేతులు దించలేదు. భుజాలు లాగుతున్నాయి. షెడ్డులో కూర్చున్న ఒక ముసలాయన, విషయమేమిటో తెలియక, తన వైపే చేతులు చాచిందేమోనని లేచి అవతలికి పోయాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు లేచారు.

"టేపుతో కొలవండి సార్. పదిహేనుంటే నేనే గొలుసు తగిలిస్తాను. ఉద్యోగం కూడా మానేస్తాను."

ఇంజినీరు టేపు తెప్పించాడు. ఇరవై మీటర్ల పది సెంటీమీటర్లు వచ్చింది. అతను టేపు మీది అంకెనూ చార్టునూ మార్చి మార్చి చూసి టేపు చుట్టుకున్నాడు. తలెత్తి చూస్తే సీట్లో అన్నయ్య లేడు. దిగి, రోడ్డు అవతల కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

గేటు స్తంభం ఒకటి పగలగొట్టి, క్రేనును లోపలికి తెచ్చి, పదమూడు మీటర్ల దూరం నుంచి జనరేటరు దించేసరికి సాయంత్రమైంది. అంతసేపూ అన్నాచెల్లెళ్ళ మధ్య సైగలే తప్ప మాట లేదు.

భోజనాల దగ్గర అన్నయ్య ఒక్క మాటే అడిగాడు, దీనికి ఈ లెక్కలు నేర్పిందెవరని. వదిన తనే నేర్పానంది. పెళ్ళయిన కొత్తలో అతనికీ చెప్పబోయిందట, అతనే వినలేదట. అన్నయ్య మొహం మాడ్చుకుని చెయ్యి కడుక్కున్నాడు.

బొంగరం గెలిచింది కాబట్టి కుదుటపడి ఉండాలి. అదేం లేదు. అన్నయ్య కన్ను పొరబడిందంటే సరే, సూది ఎలా పొరబడింది? క్రేను చెయ్యి పక్కన కోణం చూపే సూది ఒకటుంటుంది. గోడగడియారం లోలకంలా దాని బరువుకు అది నిలువుగా వేలాడుతుంది. చెయ్యి ఎంత వాలితే సూది అంత చూపాలి. దాన్ని చూసే కదా అరవై అన్నాడు?

క్రేను ఎక్కడ ఎంత ఎత్తిందో రాసే రిజిస్టరును వారానికోసారి ఆఫీసుకు చేర్చే పని ఆమెదే. శనివారం తీసుకెళుతూ, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే, పేజీలు తిప్పింది. కోణం గడిలో అన్నయ్య రాసిన అంకెలు. యాభై ఏడు, అరవై మూడు, నలభై తొమ్మిది, డెబ్బై ఒకటి. ఇలా నెలల తరబడి రకరకాలుగా ఉన్నాయి. మూడు వారాల కిందట క్రేను చేతికి కొత్తగా పసుపు రంగు వేశారు. ఆ తేదీ తర్వాత అరవై. ఆ కిందది అరవై. దాని కిందది అరవై. ఆసుపత్రి కాక తొమ్మిది పనులు, తొమ్మిదింటికీ అరవయ్యే.

ఆ తొమ్మిది పనుల్లోనూ కింద నిలబడి సైగలిచ్చింది తనే. అతను అరవై అన్నాడు, తను సరేనంది. కాస్ అంటే ఏమిటో అప్పటికింకా తెలియదు. ఆ సంగతి గుర్తుచేసుకుంటే ఊరట కలగలేదు సరికదా, మరింత భయమేసింది.

రిజిస్టరు ఆఫీసులో ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని వెనక్కి తెచ్చింది. ఆదివారం పొద్దున్నే టేపు తీసుకుని బయలుదేరింది. తొమ్మిది చోట్లూ తిరిగింది. క్రేను కాళ్ళ కింద వేసిన చెక్కలు తారు రోడ్డు మీద నలుచదరపు గుంటలు చేసి పోతాయి. వాటిని బట్టి క్రేను ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది. అక్కడి నుంచి బరువు దించిన చోటుకు కొలవడం, పొడవుతో భాగించడం, చార్టు చూడడం. మధ్యాహ్నానికి ఎనిమిదయ్యాయి. ఏ ఒక్కటీ అరవై కాదు గానీ, ఎనిమిదీ చార్టు హద్దుల్లోనే ఉన్నాయి. అన్నయ్య కన్ను నిజంగానే గట్టిదని ప్రతిచోటా అనుకుంది. తొమ్మిదోది కూడా అలాగే ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకుంటూ నడిచింది.

తొమ్మిదోది బట్టలుతికే దుకాణం. వెనక పెరట్లోకి, దుకాణం పైకప్పు మీదుగా, నాలుగు టన్నుల బాయిలరు దించారు. పక్కసందులోంచి టేపు లాగితే ఇరవై ఒక్క మీటరు వచ్చింది. ఇరవై ఒకటిని ముప్పైతో భాగిస్తే ఏడు పదోవంతులు. దాదాపు నలభై అయిదు డిగ్రీలు. ఆ దూరంలో చార్టు ఒప్పుకునేది మూడున్నర టన్నులు.

అర టన్ను ఎక్కువ. ఆ రోజు లోపల నలుగురు ఆడవాళ్ళు ఇస్త్రీ చేస్తున్నారు. పనికి అడ్డమని వాళ్ళు లేవనంటే, పరవాలేదు, పది నిమిషాల పని, కూర్చోండని చెప్పింది తనే.

బొంగరం కాలుకాలిన పిల్లిలా ఆ సందులో ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. ఇంటికొచ్చాక వదినతో చెప్పింది. వదిన చేతిలో పని ఆపి, అంకెలు తానూ ఒకసారి వేసి చూసింది. తేడా రాలేదు.

"మీ అన్నయ్యకు చెప్పు."

"ఇప్పటికే మొహం చూడటం లేదు వదినా. ఏమీ కాలేదు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"చెప్పకుండా నువ్వుండగలవా?"

ఉండలేదని ఇద్దరికీ తెలుసు. అన్నయ్య వరండాలో మెట్టు మీద కూర్చుని చెప్పులకు మేకు కొట్టుకుంటున్నాడు. బొంగరం నిలబడే చెప్పింది, గుక్క తిప్పుకోకుండా. కోప్పడతాడనుకుంది. అతను కొడుతున్న మేకు పూర్తిగా దిగేదాకా కొట్టి, చెప్పులు తొడుక్కుని లేచాడు.

"పద. చూపించు."

దుకాణం దగ్గర టేపు ఆ కొస అతనే పట్టుకున్నాడు, గుంటల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని. ఇరవై ఒక్క మీటరు. ఇంకోసారి లాగమన్నాడు. మళ్ళీ అంతే. దుకాణం యజమానురాలు బయటికొచ్చి, ఏమైందయ్యా, ఆ రోజు ఏమన్నా పడిందా అని అడిగింది.

"పడలేదమ్మా," అన్నాడు అన్నయ్య. "కానీ పడకపోవడం మా గొప్ప కాదు."

ఆమెకు అర్థం కాలేదు. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది.

తిరిగి వస్తూ అన్నయ్య సూది సంగతి చెప్పాడు. రంగు వేసింది అతనే. సూది కీలు లోపలికి రంగు కారి బిగిసిపోయింది. రంగు ఆరేదాకా తడితే కదిలేది. ఆ తర్వాత తట్టినా కదల్లేదు, అరవై దగ్గరే ఆగిపోయింది. దాన్ని విప్పి బాగుచేయాలంటే ఒక పూట క్రేను ఆపాలి. ఇన్నేళ్ళూ సూదిని చూసి నడిపానా, కన్ను చూసుకునే కదా నడిపానని ఊరుకున్నాడు. రిజిస్టరులో ఏదో ఒకటి రాయాలి కాబట్టి సూది ఏం చూపితే అదే రాశాడు.

"ఆసుపత్రి దగ్గర నువ్వు చేతులు చాచినప్పుడు కోపం రాలేదే. నిజం చెబుతున్నా. నువ్వు కొలుస్తున్నప్పుడే నాకు భయమేసింది. కోపం తర్వాత తెచ్చుకున్నాను."

బొంగరం కాస్త ముందుకు నడిచి, అతను వచ్చేదాకా ఆగి, మళ్ళీ ముందుకు నడిచింది.

సోమవారం అన్నయ్య రిజిస్టరు తీసుకుని యార్డు యజమాని దగ్గరికి వెళ్ళాడు. తొమ్మిది అరవైల మీదా అడ్డగీత కొట్టి, పక్కన చెల్లెలు కొలిచిన దూరాలు రాసి, కింద సంతకం చేశాడు. యజమాని ముందు అరిచాడు, తర్వాత క్రేనును తనిఖీకి పంపాడు. క్రేను చెయ్యి తిరిగే చక్రం కింద బోల్టులు రెండు సాగిపోయి ఉన్నాయని తేలింది. ఆ బాయిలరు వల్లనో, అంతకు ముందు దేని వల్లనో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకో బరువు అలాంటిదే ఎత్తి ఉంటే ఏమయ్యేదో మాత్రం తనిఖీ చేసినాయన చెప్పాడు. బొంగరం ఆ మాటలు పూర్తిగా వినలేక బయటికి వచ్చేసింది.

అన్నయ్యను రెండు నెలలు సీటెక్కొద్దన్నారు. మళ్ళీ ఎక్కాలంటే తనూ రాత పరీక్ష రాయాలన్నారు. అతను లైసెన్సు తీసుకున్న కాలంలో ఆ పరీక్షే లేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడు కొత్తవాళ్ళతో పాటు బల్ల ముందు కూర్చోవాలి. యార్డులో వెనకాల నవ్వుకున్నవాళ్ళున్నారు. అతను పట్టించుకోనట్టే ఉండేవాడు గానీ, ఆ రోజుల్లో ఎప్పుడూ లేనిది గడ్డం గీసుకోవడం మరిచిపోయేవాడు.

బొంగరం మూడోసారి పరీక్ష రాసింది. ఆ పేజీ వచ్చినప్పుడు బల్ల కింద కాలు ఆడుతూనే ఉంది, చెయ్యి మాత్రం రాసుకుపోయింది. పక్క కుర్చీలో కూర్చున్నతను కాలు ఆడించడం ఆపమని రెండుసార్లు బతిమాలాడు. పాసయింది. నడిపి చూపించే పరీక్ష వచ్చే నెలలో ఉంది. దాని గురించి ఆమె దిగులు ఆమెకుంది.

ప్రస్తుతం ఇంట్లో సాయంత్రం పూట వదిన అన్నయ్యకు పాఠం చెబుతోంది. అతను పాఠం మధ్యలో లేచి వెళ్ళిపోతాడు, వదిన పిలవదు, పది నిమిషాలకు తనే వచ్చి కూర్చుంటాడు. సైన్ అయింది. కాస్ అతను ఒక్క పూటలో నేర్చుకున్నాడు, మళ్ళీ అడిగించుకోలేదు. టాన్ దగ్గర పేచీ వచ్చింది. తొంభై డిగ్రీలకు టాన్ విలువ లేదని వదిన, క్రేను చెయ్యి నిలువుగా నిలబడితే నిలబడుతుంది కదా, విలువ ఎందుకుండదని అన్నయ్య. మూడు రోజులుగా ఇదే వాదన. గోడ అవతల బొంగరం వరండాలో తిరుగుతూ వింటోంది. ఎవరు చెప్పేది నిజమో ఆమెకూ ఇంకా తేలలేదు.